తారు బెంచీ

మాది నంద్యాల. డెబ్బైల చివర్లో రోజూ బస్సులో ఆళ్లగడ్డ వెళ్లి, అక్కడి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ని. నా పాఠమంటే పిల్లలు చెవి కోసుకుంటారని నాకు గొప్ప నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఒకరోజు పదో తరగతికి ముడి చమురు పాఠం. బోర్డు మీద పొడవాటి స్తంభం గీశాను. చమురును బాగా మరగబెట్టి, ఆ ఆవిరిని స్తంభంలోకి వదులుతారు. పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది. ఏ ఆవిరి ఏ ఎత్తులో చల్లబడి మళ్లీ నూనెగా మారుతుందో, అక్కడే దాన్ని పట్టి బయటికి తీస్తారు. ఇంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. సరే, పిల్లల్నే స్తంభం చేద్దామనుకుని మార్కుల ప్రకారం బెంచీలు మార్పించాను. మొదటి బెంచీ అన్నిటికన్నా పైన తీసే పెట్రోలు, దాని వెనక కిరోసిన్, తర్వాత డీజిల్. చివరి బెంచీ తారు.

"ఆవిరి కూడా కాలేక అడుగున మిగిలిపోయిన మడ్డి," అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

ఆ బెంచీలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ల నాయన రోడ్డు పనుల్లో తారు కాచే కూలీ. ఆ సంగతి నాకు తెలుసు, అయినా నోరు ఊరుకోలేదు. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"తారు ల్యాకపోతే మీ బస్సు యాడ పోతాది సార్?"

అంత మంచి ప్రశ్న నా సర్వీసులో మళ్లీ ఎవరూ అడగలేదు. నేను మెచ్చుకోవలసింది పోయి, "మార్కులు రావు గానీ ఎదురు మాటలకేం తక్కువ లేదు," అని బెల్లు కొట్టేదాకా నిలబెట్టాను. మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు. పబ్లిక్ పరీక్షలకు ఇంక మూడు నెలలే ఉన్నాయి.

కొన్ని వారాలకు దారిలో రోడ్డు పని దగ్గర బస్సు ఆగింది. పీపాలో తారు కాగుతోంది. కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని ఆ అమ్మాయి కంకర చల్లుతోంది. దిగి వెళ్లి, పరీక్షలు దగ్గర పడ్డాయి, బడికి రమ్మన్నాను.

"పోమ్మా, సారే వచ్చినాడు," అన్నాడు వాళ్ల నాయన.

ఆ పిల్ల గంప దించలేదు. "రాను సార్. ఈడ ముందు బెంచీ, యెనక బెంచీ ల్యావు."

తప్పు నాదే తల్లీ అని ఉంటే వచ్చేదేమో. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. జారిన ఆ నోరే అక్కడ పెగల్లేదు. అంతమంది కూలీల ముందు సారు తప్పు ఒప్పుకోవడమా అని నామోషీ పడ్డాను. డ్రైవరు హారన్ కొడితే వచ్చి బస్సెక్కాను.

ఆ నెలాఖరున హాజరు పట్టీలో ఆమె పేరు మీద ఎర్ర గీత గీసింది కూడా నేనే.