అరంగుళం ఇంట్లో లెక్కల పాఠం

అరంగుళం అని పేరుపడ్డ టైలర్ ఒకసారి పరుగెత్తుతున్న బస్సుని కంటితోనే కొలిచి, అది చివరి స్టాపు దాకా పోయి తిరిగొచ్చేలోగా దానికి చొక్కా కుట్టి తొడిగేశాడు. సరే, బస్సు కాదు, స్కూటరు. పరుగెత్తుతూ కూడా లేదు, స్టాండు వేసి ఉంది. చొక్కా అనడం కూడా ఎక్కువే, కవరు. కానీ దానికి కాలరు పెట్టిన మాట మాత్రం ఎవరూ కాదనలేరు. అలవాటు పడిన చెయ్యి, ఆగమంటే ఆగలేదు.

ఆయన్ని అరంగుళం అనడానికి కారణం చిన్నదే. ఏ బట్ట కత్తిరించినా లోపల మడతలోకి అందరికంటే అరంగుళం ఎక్కువ వదులుతాడు. మనుషులన్నాక లావవుతారు, బట్టలన్నాక కుంచించుకుపోతాయి, మధ్యలో ఓ అరంగుళం ఉంటే ఇద్దరి పరువూ దక్కుతుందని ఆయన వాదన. పెళ్ళినాటి ప్యాంటుని పాతికేళ్ళ తర్వాత తెచ్చి, కుట్లు విప్పించి వదులు చేయించుకుని, మనవడి పుట్టినరోజుకి వేసుకెళ్ళిన పెద్దమనుషులున్నారు.

ముందుగది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. దుకాణంలో కాలితో తొక్కే మిషను, కత్తిరింపుల బల్ల, గోడ పొడవునా మేకులకి వేలాడే సగం కుట్టిన చొక్కాలు. ఇంట్లో ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే భార్య, గుండీల డబ్బా ముందేసుకుని వచ్చేపోయేవాళ్ళ మీద తీర్పులు చెప్పే తల్లి, అయిదో తరగతి చదివే కూతురు.

కూతురికి అన్నీ వచ్చు, పొడవు వెడల్పుల లెక్కలు తప్ప. టైలర్ కూతురు కొలతల్లో తప్పడమేమిటని వీధి వీధంతా నవ్వుకుంది. చివరికి బడినుంచి చీటీ వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు పిల్ల చదువు పట్టించుకోవాలనీ, ఒకసారి వచ్చి మాట్లాడాలనీ. ఇదివరకు అలాంటి చీటీలన్నిటికీ భార్యే వెళ్ళేది. ఈసారి ఆమె చీటీని మడిచి కత్తెర కింద పెట్టింది.

"ఈసారి మీరెళ్ళండి. దాన్ని తొమ్మిది నెలలూ నేనొక్కదాన్నే మోశాను. పుస్తకాల సంచీ అయినా ఓ పక్క పట్టుకోండి."

"వీడా?" అంది తల్లి, గుండీలు ఏరుతూనే. "వీడు వెళితే ఇద్దర్నీ కలిపి ఒకే బెంచీ మీద కూర్చోబెడతారు."

ఆ మాటలో అబద్ధం లేదు. అరంగుళం అయిదో తరగతి తప్పినవాడే. రెండో ఏడు అదే తరగతిలో, తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుంటే వాళ్ళు తనని 'అన్నయ్యా' అని పిలిచేవారు. అది భరించలేక బడి మానేసి మిషనెక్కాడు. ఈ సంగతి కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పటికీ బడి గోడ ఎదురైతే రోడ్డుకి అవతలి పక్కనుంచే నడుస్తాడు.

అయినా వెళ్ళాడు. పిల్లల బెంచీ మీద కూర్చుంటే మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. లెక్కల టీచరు మాట్లాడుతున్నంతసేపూ ఆయన చూపు ఆవిడ ఎడమ భుజం మీదే ఉంది. చెయ్యి అతుకు అంత వంకరగా కుట్టిన పాపాత్ముడెవడా అని. ఒక్కచోట మాత్రం ఉలిక్కిపడ్డాడు. నెల రోజుల్లో పెద్ద పరీక్ష ఉంది, అందులోనూ తప్పితే అమ్మాయి ఇదే తరగతిలో ఇంకో ఏడు ఉండాలి.

"రోజూ ఓ అరగంట పక్కన కూర్చోండి, చాలు," అంది టీచరు.

కూర్చుంటానని కోర్టులో ప్రమాణం చేసినట్టు చెప్పి వచ్చాడు.

ఆ రోజునుంచి సాయంత్రం ఆరింటికి మిషను ఆగిపోయేది. పుస్తకం తెరిస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఆయన టేపు తీశాడు. తండ్రీ కూతురూ తలుపు కొలిచారు, బల్ల కొలిచారు, మంచాలు కొలిచారు. చుట్టుకొలత పాఠం రాగానే నాయనమ్మ మీద ప్రయత్నించబోతే ఆవిడ కొలబద్ద అందుకుంది. వారం తిరిగేసరికి పిల్ల మెళ్ళో టేపు, చెవిమీద పెన్సిలుతో తిరగసాగింది. ఇక తండ్రి ఇచ్చిన సలహా ఒకటే.

"జవాబు వచ్చాక లోపలికి కాస్త వదులు తల్లీ. బిగుతుగా ఉన్నది ఎప్పటికైనా పిగిలిపోతుంది."

పిల్ల వదిలింది.

మధ్యలో పెట్టిన చిన్న పరీక్ష కాగితాలు దిద్దగానే టీచరు మళ్ళీ కబురు పంపింది. తోట పొడవు ఇరవై మీటర్లు, వెడల్పు పన్నెండు, చుట్టూ కంచె ఎంత కావాలి? పిల్ల జవాబు అరవై నాలుగు మీటర్ల అరంగుళం.

"కంచెకి అరంగుళం దేనికండీ?"

"తీగ కొసలు రెండూ కలిపేచోట మెలిపెట్టొద్దా అండీ? సరిగ్గా అరవై నాలుగే తెస్తే మూలన సందు మిగులుతుంది. మేకలు దూరతాయి."

టీచరు కాసేపు మేకల గురించి ఆలోచించింది. తర్వాత కాగితం తిప్పింది. రెండు ఊళ్ళ మధ్య రోడ్డు పద్దెనిమిది కిలోమీటర్లని సరిగ్గానే లెక్కకట్టి, పిల్ల పక్కన గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: 'మొదటి వానకి తడిసి కుంచించుకుపోతుంది కాబట్టి ఇంకో రెండు కిలోమీటర్లు వదిలాను.'

అరంగుళం ఆ రోడ్డుని ఎటునుంచి చూసినా మడత పెట్టే చోటు కనబడలేదు.

"పదిహేనేళ్ళుగా తల్లిదండ్రుల్ని పట్టించుకోమని బతిమాలుతున్నానండీ," అంది టీచరు. "మానెయ్యమని బతిమాలడం ఇదే మొదటిసారి."

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాడు గానీ తొక్కలేదు. పెద్ద పరీక్ష ఇంక పది రోజులే. కూతురు చిన్నపిల్లల మధ్య కూర్చున్నట్టూ, వాళ్ళంతా 'అక్కా' అని పిలుస్తున్నట్టూ కళ్ళకి కట్టింది. ఆరయ్యేసరికి పిల్ల పుస్తకం పట్టుకొచ్చి నిలబడింది. టీచరు వద్దన్నారని చెప్పాడు. ఆ ఊపులో, ఇన్నాళ్ళూ దాచిన తన అయిదో తరగతి సంగతి కూడా చెప్పేశాడు.

పిల్ల నవ్వలేదు. కాసేపు పెన్సిలు కొరికింది.

"అయితే నువ్వు నాకు చెప్పొద్దు నాన్నా. నేనే నీకు చెబుతాను. నువ్వు ఊరికే 'ఎందుకు?' అని అడుగుతూ ఉండు."

అడగడం ఆయనకి బాగా కుదిరింది. కంచె దగ్గర అడిగాడు, రోడ్డు దగ్గర అడిగాడు, కూడికలో చేతిలో మిగిలిన ఒకటి ఎవరి చేతిలో మిగిలిందని అడిగాడు. మూడో రోజున, అసలు జవాబుకి అరంగుళం ఎందుకు వదలకూడదని నిలదీశాడు. పిల్లకి విసుగొచ్చింది.

"మనిషిని కొలిచి చీటీ మీద ఎంతని రాస్తావు?"

"ఉన్నదున్నట్టే రాస్తాను."

"మరి వదిలేదెప్పుడు?"

"కత్తెర పట్టాక."

"లెక్కల పుస్తకంలో కత్తెర లేదు నాన్నా," అంది పిల్ల. అన్నాక, తనే తన మాట విని ఆగిపోయింది. తండ్రి లేచి తల్లి దగ్గరికి పరుగెత్తాడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే తను కలెక్టరయ్యేవాడినని తల్లితో అన్నాడు. కలెక్టరు బట్టలు కుట్టేవాడివి అంది ఆవిడ.

పిల్ల నూటికి తొంభై ఒకటి తెచ్చుకుని ఆరో తరగతికి వెళ్ళింది. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, పాఠం కూతురికంటే తండ్రికి బాగా ఎక్కేసింది. ఆ పది రోజులూ 'ఉన్నదున్నట్టు, ఉన్నదున్నట్టు' అని గొణుక్కుంటూ హెడ్మాస్టరు గారి కొత్త కోటుని ఉన్నదున్నట్టే కత్తిరించాడు. బడి వార్షికోత్సవంనాడు ఆయన ఊపిరి బిగబట్టి వేదిక ఎక్కారు. పిల్లల చదువులో కుటుంబం పాత్ర మీద ఉపన్యాసం. ఇంటిల్లిపాదీ చేతులు కలపాలంటూ రెండు చేతులూ చాచేసరికి, కోటు వీపు కాలరునుంచి నడుము దాకా విడిపోయిన చప్పుడు మైకులో గట్టిగా వినబడింది. ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారనుకుని వెనక వరసలవాళ్ళూ అందుకున్నారు.

ఈ కథ ఎవరైనా ఎత్తితే అరంగుళం మిషను మీంచి తల ఎత్తడు.

"అంతా కట్టుకథ. నేను బడి గుమ్మం తొక్కలేదు, ఎవరి బెంచీ మీదా కూర్చోలేదు. మడతకి వదలకుండా నేను బట్ట కోశానంటే మతి ఉన్నవాడెవడైనా నమ్ముతాడా? హెడ్మాస్టరు గారే లావయ్యారు. అమ్మాయంటారా, దానంతట అదే చదువుకుంది. నాకసలు లెక్కలే రావు."