రెండేండ్లకు కటింగ్ షాపుకు పోయిన

నాకు తలల సోరియాసిస్ ఉన్నది. మాడంత ఎర్రగై పొలుసులు రాల్తయి. రెండేండ్ల కింద ఒక షాపుల నన్ను కుర్చీలకెల్లి లేపి పంపిండ్రు. అప్పటిసంది ఇంట్లనే కటింగ్.

మొన్న సూరత్‌ల డాక్టరమ్మ చెప్పింది, ఇది ఎవ్వరికి అంటుకోదట, పూర్తిగ పోదు గని మందు పూస్కుంటే అదుపుల ఉంటదట.

ఇయ్యాల ధైర్యం చేసి, సూరత్ పక్కన మేముండే పల్సానాల ఇంకో షాపుకు పోయిన. కూసోకముందే అంత చెప్పిన. కటింగ్ చేసేటాయన నా తల వంచి చూసి హిందీల అన్నడు, "మా అమ్మకు మోచేతుల మీద గిదే ఉన్నది భాయ్. దువ్వెన మెల్లగ పెడ్త, మండితే చెప్పు."

అక్కడ కూసున్న ఇంకొకాయన మా మాటలన్ని విన్నడు. కటింగ్ అయి నేను లేవంగనే అదే కుర్చీల వచ్చి నిమ్మళంగ కూసున్నడు. అది నాకెంత పెద్ద సంగతో ఆయనకు తెల్వదు గని, నాకు మెడల దండేసినట్టయింది!

గింత చిన్నదానికి గంత సంబురం మీకెప్పుడన్న అయిందా?