అత్తయ్య పాదాల కింద చీమలు

మొన్న కాళ్లకు తిమ్మిర్లు పడుతున్నాయని శాలిబండలో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కు వెళితే, చిన్న వయసు డాక్టరమ్మ బి పన్నెండు విటమిన్ సూది రాసింది. నర్సు సిరంజిలోకి తీస్తున్న ఆ ఎర్రటి మందును చూడగానే మా మేనత్త గుర్తొచ్చి, చెయ్యి చాచడం కూడా మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాను.

నేను డిగ్రీ చదివే రోజుల్లో అత్తయ్య మాతోనే ఉండేది. మామయ్య చనిపోయిన ఏడాదే పాలు, పెరుగు, నెయ్యి వదిలేసిన మనిషి, ఎంతమంది బతిమాలినా ఏళ్ల తరబడి మళ్లీ ముట్టలేదు. మా వాళ్లది గుడి సేవ కనుక పొద్దున్నే స్వామికి దండలు కట్టే పని ఆమెదే. ఆమె వేళ్లు కదులుతుంటే మల్లెలు వాటంతట అవే దారానికి ఎక్కుతున్నట్టుండేది. అటువంటి అత్తయ్య చేతుల్లోంచి పూలు జారిపోవడం మొదలైంది. పాదాల కింద చీమలు పాకుతున్నాయని గోల పెడితే, మేము నేల ఊడ్చి చూపించి, చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆ తర్వాత అన్నంలో నేను విషం కలుపుతున్నానని, నా చేతి కంచం తోసేసేది. వీధిలో పిచ్చి అన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టించారు. మనసు డాక్టరు ఇచ్చిన మాత్రలకు రోజంతా పడుకునేదే తప్ప తేరుకోలేదు. చివరికి పిచ్చాస్పత్రిలో చేర్పించడమే మేలని పెద్దలు తేల్చాక, తోడబుట్టిన మా బాపే ఆమె చీరలు సంచిలో సర్దాడు.

చేర్చుకునే ముందు ఒంటి ఆరోగ్యం చూడాలని అక్కడ ఇంకో గదికి పంపారు. నెరిసిన జుట్టు డాక్టరమ్మ ఒకామె అత్తయ్య నాలుక చూసింది, కళ్లు మూసుకుని నిలబడమంది. కళ్లు మూసిన మరుక్షణమే అత్తయ్య తూలిపోతే రెండు చేతులా పట్టుకుని కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని, ఆ పాదాలను దూదితో తాకుతూ ఏం తింటుందో, ఏం తినదో ఓపికగా అడిగింది. రక్త పరీక్ష వచ్చాక బాపుతో అంది.

“ఈమెకు పిచ్చి లేదన్నా. నీసు ముట్టక, పాలు పెరుగు గూడ మానేసి, ఒంట్లో ఒక్క విటమిన్ లేక నరాలు గిట్లయినయి. చీమలన్నది గూడ నిజమే.”

బాపు ఆ సంచి భుజాన వేసుకుని అత్తయ్యను ఇంటికి తీసుకొచ్చాడు. రోజుకొక సూది, తర్వాత వారానికొకటి. నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం నేను భయపడుతూ కంచం పెట్టి పక్కకు జరిగితే, ఆమె నా ముఖంలోకి చూసి అడిగింది.

“ఏందే, గింత బక్కగైనవ్? నువ్వు తింటలేవా?”

పోయిందనుకున్న మనిషి, చుక్క మందుతో, ఎక్కడి నుంచి తిరిగొచ్చిందో ఇన్నేళ్లయినా నా ఊహకు అందదు. ఆ రోజు డాక్టరమ్మ చెప్పిన ప్రకారం పెరుగన్నం కలిపి ముద్దలు చేసి పెడితే, నా చేతి నుంచే తింది. పాదాల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు.

ఇప్పుడు మతి తప్పిందంటే ముందు రక్తం చూద్దామంటున్నారు. మనసు జబ్బు గురించి కూడా సిగ్గుపడకుండా మాట్లాడుకుంటున్నారు. మా రోజుల్లో పిచ్చి అనే మాట పడ్డాక ఆ మనిషి ఏం చెప్పినా ఎవరూ వినేవారు కాదు. ఆ చీమల గురించి అత్తయ్య ఏడాది పాటు నిజమే చెప్పింది. ఆమెను క్షమించమని అడగాలని అప్పుడు మాలో ఒక్కరికీ తోచలేదు. నాకు తోచేసరికి అడగడానికి ఆమె లేదు.