హేమశ్రీ మరచెంబు

మా తోటికోడలు సూర్యకళకి పాత సామాను ఎంచడంలో మంచి కన్ను ఉందని రాజమండ్రిలో తెలిసినవాళ్ళంతా అంటారు. కన్నూ లేదు, కాకరకాయా లేదు. ఆవిడ పదిహేనేళ్ళపాటు ఒక్క చెంబు కోసం వెతికింది. ఆ వెతుకులాటలో చేతికి దొరికినవి ఇంటికి తెచ్చి నలుగురికీ ఎంచి పెట్టింది. ఆవిడ వ్యాపారం అంతా అంతే. ఆ చెంబు ఎవరి వల్ల పోయిందో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ, ఈసారి చెప్పేస్తాను.

సూర్యకళని నేను అక్కా అనే పిలుస్తాను. అక్కకి ఒక్కగానొక్క కూతురు హేమశ్రీ. దాని బారసాలకి పెనుగొండ నుంచి అమ్మమ్మ ఇత్తడి మరచెంబు తెచ్చింది. మూత మర తిప్పి బిగించే చెంబు. పూర్వం ప్రయాణాల్లో మంచినీళ్ళకి పట్టుకెళ్ళేవారు. అడుగున చుక్కలు చుక్కలుగా ‘చి. హేమశ్రీకి అమ్మమ్మ’ అని కొట్టించింది. మా వైపు ఎవరికి ఏ గిన్నె పెట్టినా పేరు కొట్టించకుండా పెట్టరు. ఆ పిల్ల ప్లాస్టిక్ బాటిల్ ముట్టేది కాదు. బడికి కూడా ఆ చెంబే. క్లాసులో పిల్లలు ‘చెంబు హేమా’ అని ఏడిపించినా దానికి లెక్కే లేదు. రెండో క్లాసులో ఉండగా మేడమెట్ల మీంచి జారవిడిచింది. చెంబు భుజం దగ్గర సొట్ట పడి, మూత వంకరగా కూర్చునేది. ముందు సగం చుట్టు వెనక్కి తిప్పి, ఆ తర్వాత బిగించాలి. ఆ కిటుకు దానికీ, వాళ్ళమ్మకీ, నాకూ తప్ప ఇంట్లో ఇంకెవరికీ వచ్చేది కాదు.

తొమ్మిదో ఏట డెంగీ జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. అయిదో రోజున పిల్ల లేకుండా ఇంటికొచ్చాం.

పదో రోజున మా అత్తగారు వీరమ్మ గారు నన్ను వంటింట్లోకి పిలిచారు. “పిల్ల వస్తువులు కళ్ళెదుట ఉంటే సూర్యకళ తేరుకోదే వేణీ. అన్నీ తీసెయ్. పోయినవాళ్ళవి ఇంట్లో ఉంచకూడదు కూడానూ,” అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. మా ఇళ్ళల్లో అలాగే చేస్తారు, చేసి మంచి చేశామనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. గౌన్లు పనమ్మాయికి ఇచ్చాను. పుస్తకాలు తూకానికి వేశాను. పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇస్తామని వీధిలోకి ఒకడు వస్తే, చెంబు వాడికిచ్చి స్టీలు తపేలా తీసుకున్నాను. ఆ తపేలాలో నేను ఆర్నెల్లు పాలు కాచాను. నా మొహం మీద ఎవరైనా ఉమ్మేసినా తప్పు లేదు.

మూడు నెలలకి అక్క మంచం దిగి వచ్చి, “హేమ చెంబేదీ?” అంది. ఇంకేమీ అడగలేదు. గౌన్లు అడగలేదు, పుస్తకాలు అడగలేదు. మా అత్తగారు నా వంక చూసి, “నేనే ఇచ్చేశాను సూర్యకళా, తెలియక ఇచ్చేశాను,” అన్నారు. ఆ నింద నెత్తినేసుకునే ఆవిడ పోయారు. చివరి రోజుల్లో అక్క ఆవిడకి సేవ చేసింది గానీ ఒక్క మాట మాట్లాడలేదు. నేను చూస్తూ ఊరుకున్నాను.

అప్పట్నుంచి మొదలైంది వెతకడం. ముందు స్టీలువాడి కోసం వీధులన్నీ తిరిగింది. వాడెవడో, ఏ ఊరివాడో. తర్వాత పాత ఇత్తడి కొట్లు. ఆ తర్వాత కోనసీమలో మండువా లోగిళ్ళు కూలగొడుతున్నారని ఎక్కడ విన్నా బస్సెక్కేది. చెంబులున్న చోటల్లా కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి అడుగు చూసేది. ఊరికే చూసి లేచిపోతే వాళ్ళేమనుకుంటారోనని ఏదో ఒకటి కొనుక్కొచ్చేది. అలా మా ముందు వసారా నిండిపోయింది. దీపపు సెమ్మెలు, పన్నీరు బుడ్లు, గంధపు గిన్నెలు, భోషాణాలు, ఒక ఉయ్యాల బల్ల. ఇంటికొచ్చినవాళ్ళు “ఇది ఇస్తారేంటండీ?” అని అడగడం మొదలెట్టారు. అక్క ఇచ్చేసేది. ఉద్దేశం లేకుండానే వ్యాపారం కుదిరింది. బేరాలకి నేను దిగాను. ఆవిడకి నోరు లేదు, నాకు నోరు తప్ప ఏమీ లేదు.

అయితే చూడగా చూడగా ఆవిడకి నిజంగానే తెలివి వచ్చింది. ఒక డాక్టరు గారి భార్య కొత్త ఇంటి హాల్లో సోఫాల మధ్య టీపాయిలా వేస్తానని పెద్ద భోషాణం బేరం చేసింది. నేను అమ్మేద్దామనే చూస్తున్నాను. అక్క అడ్డొచ్చి, “మీ ఇంటికొచ్చినవాళ్ళు కాళ్ళెక్కడ పెట్టుకుంటారండీ? ఇది గోడవారన వేసి పైన దీపం పెట్టుకోండి. మధ్యలోకి ఈ పీట చాలు,” అంది. పెళ్ళికి బహుమతి అంటే ఒంటి వస్తువు ఇవ్వనిచ్చేది కాదు, జంట సెమ్మెలే ఇమ్మనేది. ఏదో యాసిడ్ పూసి మట్టిలో పాతి, నెల రోజుల ఇత్తడిని నూరేళ్ళదని తెచ్చేవాళ్ళు ఉంటారు. అలాంటిది చేత్తో పట్టుకోగానే పక్కన పెట్టేసేది. పందిరి మంచం వస్తే ఎవరింటిదో, ఎందుకు అమ్ముతున్నారో అడగకుండా కొనేది కాదు. ఎవరో పోయినప్పుడు శయ్యాదానంలో ఇచ్చిన మంచం బజారుకెక్కి, చివరికి శోభనం గదిలోకి చేరడం మాకు తెలుసు.

పేర్ల దగ్గరే మా ఇద్దరికీ తగువు. వేరేవాళ్ళ పేరున్న గిన్నె డబ్బిచ్చి ఎవరూ కొనరు. “అరగదీయించాల్సిందే అక్కా! ఎవరో అప్పాయమ్మ పేరున్న బిందె తీసుకెళ్ళి వాళ్ళు దేవుడి గదిలో పెట్టుకుంటారా?” అని నేను ఎగిరిపడ్డాను. చివరికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. పాలిష్ పట్టే సత్తిరాజు దగ్గరకి ఏ వస్తువు వెళ్ళినా, ముందు దాని మీద పేరు ఆవిడ చదవాలి. పైకి చదివేది. ‘సౌ. మాణిక్యాంబకి మేనత్త.’ ‘చి. సుబ్బారాయుడికి పుట్టువెంట్రుకలకి.’ చదివి, చేత్తో ఒకసారి తుడిచి, అప్పుడు పంపేది. నాకు చిరాకేసేది. ఆ చిరాకు దేనికో నాకు తెలుసు కాబట్టి ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

పోయిన మాఘమాసంలో భీమవరం నుంచి వెంకటరాజు గారి భార్య ఫోన్ చేశారు. రొయ్యల చెరువులున్నవాళ్ళు. పెద్ద ఇల్లు కట్టారు, గృహప్రవేశం. హాలంతా పాతకాలం సామానుతో అక్కే అమర్చాలి, వచ్చిన ఆడవాళ్ళకి తాంబూలంతో పాటు తలా ఒక పాత ఇత్తడి వస్తువు పెట్టాలి. “అందరూ ఇచ్చే స్టీలు డబ్బాలు మాకొద్దండి. సూర్యకళ గారు ఏది ఎంచితే అదేనండి,” అన్నారు. సరిగ్గా అదే వారం అక్కకి కంటిలో శుక్లం తీశారు. పది రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు, కన్ను నలపకూడదు. ద్రాక్షారామం దగ్గరి వ్యాపారి పంపిన బస్తా ఆ రోజుల్లోనే దిగింది. అక్క మంచం మీంచే, “పేర్లు చదివి పంపు వేణీ,” అంది. “ఆయ్, అలాగే,” అన్నాను.

చదవలేదు. ముహూర్తం నాలుగు రోజుల్లో పడింది, సత్తిరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వంటింట్లో కుక్కరు కూస్తోంది. పదిహేనేళ్ళుగా దొరకనిది ఇప్పుడు దొరుకుతుందా అనుకున్నాను. బస్తా మూతి కూడా విప్పకుండా ఎత్తి ఇచ్చేశాను. సాయంత్రానికి అన్నీ తళతళలాడుతూ వచ్చాయి. వాటిని కాగితాల్లో చుట్టింది కూడా నేను కాదు, సత్తిరాజు భార్యే.

గృహప్రవేశం రోజున అక్క హాలు అమర్చిన తీరు చూసి తీరాలి. గుమ్మం పక్కన గంగాళంలో బంతిపూలు, గోడవారన భోషాణం మీద సెమ్మెలు, పెద్దవాళ్ళు కూర్చోవడానికి చేతుల కుర్చీలు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, బరువులు పనివాళ్ళ చేత ఎత్తించి, అన్నీ తడిమి తడిమి సర్దింది. వెంకటరాజు గారి భార్య మురిసిపోయి, “తాంబూలాలు కూడా మీ చేత్తోనే ఇవ్వండి,” అన్నారు. అక్క ద్వారం దగ్గర నిలబడింది. నేను పక్కన నిలబడి కాగితాలు విప్పి ఒక్కొక్కటీ అందిస్తున్నాను.

ఒక కాగితం విప్పేసరికి మరచెంబు. భుజం దగ్గర సొట్ట.

నా చెయ్యి ఆగలేదు. అదే నా ఖర్మ. అలవాటుగా అందించేశాను. అక్క వేళ్ళు ఆ సొట్ట మీద పడ్డాయి. అక్కడే ఉండిపోయాయి. కళ్ళద్దాలు తీసింది. మూతని సగం చుట్టు వెనక్కి తిప్పి, ఆ తర్వాత బిగించింది. చక్కగా కూర్చుంది. బోర్లించి అడుగు చూసింది. అద్దంలా నున్నగా ఉంది.

“వేణీ,” అంది. ఆ గొంతు నేను పదిహేనేళ్ళ క్రితం విన్నాను. “దీని మీద పేరు చదివావా?”

ఎదురుగా పచ్చ పట్టుచీర కట్టుకున్న ఒకావిడ చెయ్యి చాపి నిలబడి ఉంది. ఆవిడ వెనక ఇంకా పాతికమంది ఉన్నారు. చదవలేదు అక్కా, ఇది హేమదే అని అంటే ఎందుకు చదవలేదో చెప్పాలి. అది చెబితే, అసలు చెంబు ఎవరిచ్చేశారో కూడా నా నోట్లోంచి వచ్చేస్తుందని భయం వేసింది.

“చదివాను. వరహాలక్ష్మి అని ఉంది,” అన్నాను.

“సరిగ్గా చూశావా? ఈ సొట్ట... ఈ మూత...”

“చూశానంటున్నానా! నా కళ్ళకేం శుక్లాలు లేవుగా!” అని కసిరాను.

చుట్టుపక్కలవాళ్ళు ఇటు తిరిగి చూశారు. అక్క ముఖం మాడిపోయింది. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. చెంబు మీద తమలపాకులు, అరటిపళ్ళు పెట్టి ఆ పచ్చచీర ఆవిడ చేతుల్లో పెట్టింది. “తీసుకోండమ్మా. మూత బిగించేటప్పుడు ముందు సగం చుట్టు వెనక్కి తిప్పండి, అప్పుడు సరిగ్గా పడుతుంది,” అని నెమ్మదిగా చెప్పింది. ఆవిడ “అలాగేనండి” అని వెళ్ళిపోయింది.

ఇంకో నలుగురికి ఇచ్చాక, నీళ్ళు తాగొస్తానని చెప్పి వీధిలోకి పరిగెత్తాను. కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు. పచ్చచీర ఎక్కడా లేదు. వెంకటరాజు గారి భార్యని అడిగితే, “మావారి వైపు చుట్టాలో, చెరువుల దగ్గరవాళ్ళో, పచ్చచీరలు చాలామందే కట్టారండి,” అని నవ్వారు. తర్వాత ఆవిడ పంపిన ఫొటోలన్నీ ఫోన్‌లో పెద్దవి చేసి చూశాను. ఒక్కదాంట్లో ఉంది. వెనక నుంచి తీశారు. జడా, భుజం, చంకలో చెంబూ కనిపిస్తున్నాయి. ముఖం లేదు. ఆ ఫొటో ఎవరికి చూపించినా తెలియదన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం.

ఆ రోజు కారులో తిరిగి వస్తుంటే తణుకు దాటాక అక్క తన రెండు అరచేతులూ ఒళ్ళో పరుచుకుని వాటి వంక చూస్తూ అంది:

“ఎవరిదో చెంబు పట్టుకుని మా హేమదే అనుకున్నానే. ఆ సొట్ట కళ్ళు మూసుకున్నా తెలుస్తుందనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. తెలియట్లేదు. పిల్ల నాకు గుర్తున్నట్టే లేదు వేణీ. నేనే ఏదో కల్పించుకుంటున్నాను. దాని ముఖం కూడా ఇలాగే మారిపోయిందేమో లోపల, ఎవరికి తెలుసు?”

అప్పుడైనా చెప్పాల్సింది. డ్రైవరు ఉన్నాడని ఊరుకున్నాను. ఇంటికెళ్ళాక బావగారు ఉన్నారని ఊరుకున్నాను. తేలు కుట్టిన దొంగలా వారం రోజులు తిరిగాను. ఊరందరి మీదా లేచే ఈ నోరు, ఆ ఒక్క మాటకి మాత్రం పెగల్లేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను గానీ, ఆవిడకి చెప్పలేదు. చెబితే పిల్లని తను మర్చిపోలేదని తెలుస్తుంది. పిల్ల చెంబుని తన చేతులతోనే దారినపోయే మనిషికి ఇచ్చేసిందని కూడా తెలుస్తుంది. రెండోది తట్టుకుంటుందా? తట్టుకోలేదని నేనే అనుకుని, నా పిరికితనానికి ఆ పేరు పెట్టుకున్నాను.

మొన్న అంబాజీపేట నుంచి బస్తా వచ్చింది. నేను విప్పి వసారాలో పరిచాను. చెంబులు, గ్లాసులు, రెండు మరచెంబులు కూడా ఉన్నాయి. అక్క పూలు మాల కట్టుకుంటూ కుర్చీలో కూర్చుంది. లేస్తుందని చూశాను. లేవలేదు.

“పేర్లు చదవవా అక్కా?”

“నువ్వే చూడవే. నీ కళ్ళు మంచివి,” అంది.

ఒక్కొక్కటే తిప్పి పైకి చదవడం మొదలుపెట్టాను. అక్క దారం ముడివేసి, తల ఎత్తకుండానే అంది:

“హేమది ఎప్పుడైనా వస్తే చెబుతావుగా?”

“చెబుతానక్కా,” అన్నాను.