పోచారం నీళ్లలో మమత పడవ

నేను కామారెడ్డిలో పెళ్లి వీడియోలు తీస్తాను. అక్షింతలు వేసేది సరిగా రాకపోతే ఇంకోసారి వెయ్యమని అడగొచ్చు. జనవరిలో ఒక ఆదివారం నాకు అడిగే వీలు లేని పని తగిలింది.

మాచారెడ్డి అమ్మాయి మమత హైదరాబాద్‌లో చదువుకుంటూ కయాక్ నేర్చుకుంది. ఒక్కరే కూర్చుని తెడ్డుతో నడుపుకునే సన్నని పడవ అది. నార్వే తీరం వెంట, చలి సముద్రంలో, నెల రోజులు కయాక్‌లలో వెళ్లే బృందంలో ఆమెకు చోటు దొరికేలా ఉంది. ముందుగా వాళ్లకొక వీడియో పంపాలి. చన్నీళ్లలో పడవ బోల్తా పడితే ఎవరి సాయమూ లేకుండా తిరిగి ఎక్కినట్టు అందులో కనబడాలి. మధ్యలో కోత ఉండకూడదు.

వాళ్ల బాపు ఇంకా సరే అనలేదు, వద్దని కూడా అనలేదు. “ముందుగాల చూస్త” అని మాతో బయల్దేరాడు.

పొద్దున్నే ఆరింటికి ఎల్లారెడ్డి బస్సెక్కాం. పడవను మడతపెట్టి రెండు పెద్ద సంచుల్లో సర్దింది మమత. ఆధార్ చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్ తీసుకుంది.

“గీ సంచుల్ల ఏమున్నయమ్మా?” అన్నాడు కండక్టర్.

“పడవ.”

“పడవకు టికెట్ ఎట్ల కొట్టాల్నో నాకు తెల్వది” అని నవ్వి ముందుకు పోయాడు.

పక్క సీట్లో దుప్పటి కప్పుకున్న ఒక అవ్వ ఇదంతా విన్నది. “పడవల పోతె ఏమిస్తరు బిడ్డా?”

“ఏమియ్యరు అవ్వా.”

“మరెందుకు?”

“నాకు మంచిగనిపిస్తది” అంది మమత. బాపు కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

లింగంపేట దాటాక మంచు దట్టమైంది. ఎల్లారెడ్డిలో ఇడ్లీ తిని, చాయ్ తాగి, పోచారం చెరువుకు ఆటో మాట్లాడుకున్నాం. అభయారణ్యంలోని చెరువు కాబట్టి అటవీ శాఖ అనుమతి ముందే తీసుకున్నాం. వెళ్లాలనుకునేవాళ్లు అది మరవకండి.

చెరువు మీద గాలి కోసేస్తోంది. అవతలి ఒడ్డున అడవి మసకగా కనబడుతోంది. మమత పడవ బిగించుకుని, లైఫ్ జాకెట్ తొడుక్కుని నీళ్లలోకి దిగింది. నేను చేపలు పట్టే శంకరయ్య పడవలో కెమెరాతో కూర్చున్నాను. బాపు ఒడ్డునే ఉన్నాడు. మొదట అడవి అంచు వెంట నడిపింది. వలస బాతులు గుంపుగా లేచాయి. తెడ్డు పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

తర్వాత ఒడ్డుకు దగ్గరగా వచ్చి, నాకు సైగ చేసి, పడవ తిరగేసింది.

తల పైకి తేల్చింది. పడవను సరిచేసి, ఎక్కబోయి జారింది. మళ్లీ జారింది. చలికి ఆమె చేతులు మొద్దుబారుతున్నాయని కెమెరాలోంచే తెలుస్తోంది. ఒడ్డున బాపు చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. మోకాళ్ల దాకా, తర్వాత నడుము దాకా.

“పోదమా సారూ?” అన్నాడు శంకరయ్య.

మేం చెయ్యందిస్తే ఆ వీడియో పనికిరాదు. అయినా “పో” అన్నాను. ఆయన రెండు తెడ్లు వేశాడో లేదో, మమత చెయ్యెత్తింది.

“రాకుండ్రన్నా.” ఒడ్డు వైపు తిరిగి, “బాపూ, నువ్వు సుత ఆడ్నే ఉండు” అంది.

బాపు ఆగిపోయాడు. ఆమె పడవ అంచుకు చెంప ఆనించి ఊపిరి తీసుకుంది. కాళ్లు గట్టిగా ఆడించి, పడవ మీదికి బోర్లా పాకి, మెల్లగా లేచి కూర్చుంది. తాడుకు కట్టి ఉన్న తెడ్డు లాక్కుని, నేరుగా బాపు దగ్గరికి నడిపింది. ఆయన పడవ ముక్కు పట్టుకుని, “ముందుగాల బట్టలు మార్సుకో” అన్నాడు.

మధ్యాహ్నం ఎల్లారెడ్డిలో అన్నం తింటుంటే నేను బాపుతో అన్నాను: “కాకా, రెండుసార్లు జారింది గదా. ఇంకో రోజొచ్చి మంచిగ తీస్త.”

“ఎందుకు తమ్మీ? జారి సుత ఎక్కింది గద. గదే పంపు.”

మమత ముద్ద చేతిలోనే ఆగింది. “పంపుమంటవా బాపూ?”

“పంపుమనే అంటున్న. ఆ సముద్రం ఇంతకన్న సల్లగుంటదా?”

“శానా సల్లగుంటది.”

ఆయన అన్నంలో మజ్జిగ కలుపుకున్నాడు. “మీ అమ్మకు నువ్వే చెప్పుకో. అది నాతోని కాదు.”

నాలుగింటి బస్సులో తిరిగొచ్చాం. సీటు దొరకగానే మమత నిద్రపోయింది. దార్లో బాపు వీడియో చూపించమన్నాడు. చిన్న తెరలో కూతురి వెనక, నడుము లోతు నీళ్లలో నిలబడ్డ మనిషి కనబడుతున్నాడు.

“గది నేనేనా?”

“నువ్వే కాకా.”

“గంత లోపటికి ఎప్పుడొచ్చిన?” అన్నాడు. “నాకు ఈత సుత రాదు.”

పోచారం ఎలా ఉందని అడిగినవాళ్లకు అడవి గురించీ బాతుల గురించీ చెప్తాను. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది ఆ మాటే. కామారెడ్డి దీపాలు కనబడేదాకా ఆయన ఆ వీడియో మళ్లీ మళ్లీ చూస్తూనే ఉన్నాడు.