అందరూ మన బడోళ్లే

చాయ్ దొరుకుతుందంటే కాశయ్య చచ్చినవాణ్ని కూడా తన బడిలో చేర్పిస్తాడని బోధన్‌లో చెప్పుకునేవారు. పేరున్న మనిషి ఎవరి మాట వచ్చినా "మన బడోడే" అనడం హైస్కూలు చప్రాసి కాశయ్యకున్న ఒకే ఒక్క జబ్బు. ఎవరింట్లోనో కూర్చుని ఆ గొప్పలు చెబుతూ, రెండు కప్పుల చాయ్ తాగితే గాని లేచేవాడు కాదు.

చక్కెర ఫ్యాక్టరీ కెమిస్టు మన బడోడే. నిజామాబాద్ రైలు నడిపే డ్రైవరు మన బడోడే. కొత్త కలెక్టరు మద్రాసు మనిషని ఎవరో గుర్తుచేస్తే, "మనకాడ సదివినంకనే గటు పోయిండు" అన్నాడు.

1967 వానాకాలంలో ఒక గురువారం ఆయన ఆత్మారాం ఇంటికి వచ్చాడు. ఆత్మారాం కూతురు రుక్మాబాయిని ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి నెల కావస్తోంది. ఒళ్లో చాట పెట్టుకుని తల్లితో పాటు బీడీలు చుడుతోంది. తల వంచుకునే ఉంది గాని చెవులు మాత్రం ఇటే. తన పుస్తకాలు బాపు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఆమె ఆశ అంతవరకే.

"పెద్ద దవాఖాన డాక్టరమ్మ ఎరుకేనా, ఆత్మారాం? మన బడిదే," అని మొదలుపెట్టాడు కాశయ్య. "ఎనిమిదిల ఇంట్ల కూసోబెట్టిండ్రు. నెల రోజులు బీడీలు సుట్టి మల్ల బడికొచ్చింది."

"గామె మలయాళం మాట్లాడుతది గద, కాశన్నా!"

"మంచి బడి. అన్ని నేర్పుతరు."

రుక్మాబాయి చేతిలో ఆకు చిరిగింది. తల్లి శంకరమ్మ నవ్వాపుకుంటూ గోడ మీది క్యాలెండరులో టోపీ పెట్టుకున్న తెల్లదొరను చూపించింది.

"మరి గీయన?"

కాశయ్య లేచి, దగ్గరికి వెళ్లి, తేరిపార చూశాడు.

"మనోడే. ఏ సెక్షనో యాదికొస్తలేదు."

ఆత్మారాంకు చాయ్ పొలమారింది. దగ్గు తగ్గాక, "నీ నోటికి దండం పెడత, కాశన్నా! పిల్ల పొద్దంత బడిల ఉంటె బీడీలెవరు సుడుతరు?" అన్నాడు.

"బడి ఇడిసినంక సుడుతది. డాక్టరమ్మ గట్లనే సుట్టింది."

"మల్ల డాక్టరమ్మ! సరే, పరీక్షలదాక పంపుత. ఇగ నువ్వు నడువు, లేకుంటె నన్ను సుత మీ బడోన్ని జేస్తవ్."

మర్నాడు మళ్లీ బడిలో చేరడానికి రుక్మాబాయి హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది. బల్ల మీద ఆయన రాసిన కాగితం ఉంది: శనివారం రిజిస్టరులోంచి కొట్టేయవలసిన పేర్లు, పదకొండు. చదువురాని కాశయ్య ఎవరిచేతనో చదివించుకుని, ప్రతి పేరు పక్కనా ఆ ఇంటి గుర్తుగా ఒక బొమ్మ గీసుకున్నాడు. ఒకచోట మేక, ఒకచోట కుట్టుమిషను, ఇంకోచోట విరిగిన బండి చక్రం. ఆమె పేరు పక్కన చాట.

ఆ వారం కాశయ్య చాయ్ తాగింది ఆ పదకొండు ఇళ్లలోనే.