రెండుసార్లు వేయించిన కోడి

వేపుడు అంగడి భాయ్ చనిపోయాడన్న సంగతి నాకు పత్తి మార్కెట్‌లో ఒక హమాలీ చెప్పాడు. భుజం మీది పత్తి మూట బోరెం దించుతూ, మామూలు మాట చెప్పినట్టు చెప్పి, ఇంకో బోరెం కోసం వెళ్ళిపోయాడు. అప్పటికే ఖననం కూడా అయిపోయిందట. ఆ రోజు నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. అందుకే ఇది రాస్తున్నాను. బడిలో చదివినవాణ్ణి కాను. రోజూ లెక్కలు రాసి రాసి అక్షరం అలవాటైనవాణ్ణి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆదోని బస్టాండు దగ్గర ఎమ్మిగనూరు బస్సు కోసం పడిగాపులు పడ్డవాళ్ళకు ఆ అంగడి తెలిసే ఉంటుంది. పైన నాలుగు రేకులు, కింద మూడు బెంచీలు, వాకిట్లో పెద్ద బాణలి. బోర్డు లేదు. కోడి ముక్కలకు ఎర్రకారం, అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి, శనగనూనెలో వేయించి, ఆకులో ఉల్లిపాయ ముక్కలూ నిమ్మబద్దా పెట్టి ఇచ్చేవాడు. డెబ్బైల్లో నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ ఆదోనికి వచ్చి, ఒక కమీషన్ అంగడిలో గుమాస్తా పని చేసి, సాయంత్రం తిరిగి పోయేవాణ్ణి. వారానికి రెండు మూడు సాయంత్రాలు భాయ్ దగ్గర తినేవాణ్ణి.

అక్కడ తినడమంటే తీరిగ్గా కూర్చుని తినడం కాదు. ఒక కాలు బెంచీ కింద, ఒక కాలు రోడ్డు మీద. నోరు ముక్క మీద, చెవులు హారన్ మీద. అందరిదీ అదే పరిస్థితి. వలస పనుల నుంచి తిరిగొచ్చే కోసిగి వైపు వాళ్ళు మూటలు భుజాల మీదే ఉంచుకుని తినేవాళ్ళు. గురువారం మాత్రం బెంచీలు ఖాళీ. మంత్రాలయం మొక్కులున్నవాళ్ళు ఆ రోజు మాంసం ముట్టరు. భాయ్ ఆ రోజు బాణలి తోమి, మిరపకాయలకు తొడిమలు తీసుకుంటూ కూర్చునేవాడు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ముక్క ఆకులో పెట్టాక తినేవాడి దవడ వైపే చూసేవాడు. "నోటితో అందురూ బాగుందంటారప్పా. నమిలేది సూస్తే నాకు తెలుస్తాది" అనేవాడు. నేను ఎక్కువ మాట్లాడకపోవడం ఆయనకు సరదాగా ఉండేది. "ఏమప్పా, మాటకు వడ్డీ కట్టాల్నా నువ్వు?" అని నలుగురిలో ఎగతాళి చేసేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఎనభైలు వచ్చేసరికి ఫారం కోడి వచ్చింది. నాటుకోడి ధర అందకుండా పోయింది. రోడ్డుకు అవతల ఫ్యాన్లు తిరిగే కొత్త హోటలు పెట్టి ఫారం కోడి వేపుడు అమ్మడం మొదలుపెట్టారు. భాయ్ కూడా అదే కోడి తెచ్చాడు. అయితే ఆయనది తండ్రి నాటి పద్ధతి. ముక్కలను ముందు ఉప్పూ పసుపూ వేసి ఉడికించాలి, తర్వాతే నూనెలో వేయాలి. అట్లా చేయకపోతే నాటుకోడి పళ్ళకు లొంగదు. ఫారం కోడినీ ఆయన అట్లే ఉడికించాడు. నూనెలో పడగానే అది పీచులు పీచులుగా విడిపోయింది.

ఒక లారీ డ్రైవరు ఆకులోకి చూసి, "ఏం భాయ్, కోడిని వేపినావా, దూది ఏకినావా?" అన్నాడు. బెంచీలన్నీ నవ్వాయి. భాయ్ కూడా నవ్వాడు గాని, గరిటె పట్టుకున్న చెయ్యి కదల్లేదు.

నెల తిరగకముందే గిరాకీ సగమైంది. భాయ్ ఇంటిల్లిపాదికీ ఆ బాణలే ఆధారం. ఒకరోజు నేనొక్కణ్ణే ఉన్నప్పుడు, "నువ్వు సెప్పప్పా, ఎట్లుండాది?" అని అడిగాడు. బాగుందన్నాను. తినలేక మిగిల్చింది ఆకు మడతలో దాచాను. ఆయన వచ్చి ఆ ఆకు విప్పి చూశాడు.

"మొగమాటానికి బాగుందంటివి. ఈ బాగుందితోనే నా అంగడి మూతపడతాది" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఎమ్మిగనూరు దాకా బస్సులో సీటున్నా నేను నిలబడే పోయాను.

మరుసటి రోజు ఆయన అడక్కముందే చెప్పేశాను. ఉడకబెట్టొద్దని, అది లేత మాంసమని, నోట్లో పెడితే నమలడానికి ఏమీ మిగలడం లేదని. నేను అంత పొడుగు మాట మాట్లాడడం ఆయన ఎప్పుడూ వినలేదు. "నిన్ననే సెప్పింటే ఒక కోడి మిగులుండె గదప్పా" అన్నాడు.

ఆ తర్వాత చాలా రోజులు పాట్లు పడ్డాడు. పచ్చి ముక్క నేరుగా పెద్ద మంట మీద వేస్తే పైన నల్లబడి లోపల నెత్తురు కనిపించింది. సన్న మంట మీద వేస్తే ఉడికింది గాని మెత్తబడిపోయింది. అట్లా మెత్తబడిన ముక్కలు ఒక సాయంత్రం తీసి బుట్టలో పోశాడు. ఆ రోజు బస్సు దారిలో చెడిపోయి, ఎంతసేపటికీ రాలేదు. తీరా వస్తోందనగానే అందరూ ఒక్కసారిగా అడగడంతో, ఆయన ఆ చల్లారిన ముక్కలనే మరిగే నూనెలో మళ్ళీ గుమ్మరించాడు. నేను కొరికితే పక్క బెంచీకి వినపడేంత కరకరలాడింది. భాయ్ నా దవడ వైపు చూసి, బాణలి వైపు తిరిగాడు. అప్పటి నుంచి రెండుసార్లు వేయించడమే పద్ధతి అయింది. బెంచీలు మళ్ళీ నిండాయి. కొత్తగా ఏ మసాలా కలిపినా మొదటి ముక్క నాకే పెట్టేవాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. మా స్నేహమంతా అంతే. ఆయన ఇంటి విషయాలు నాకు పెద్దగా తెలియవు, నావి ఆయనకు తెలియవు.

ఇన్నేళ్ళూ అట్లే గడిచాక, పోయిన ఏడాది ఊపిరి జబ్బు పట్టుకుని ఆయన మంచాన పడ్డాడు. కోడలు బాణలి దగ్గర నిలబడింది. చనిపోవడానికి పది రోజుల ముందు చూడడానికి ఇంటికి వెళ్ళాను. కోడలు ఇంట్లోనే వేయించి పళ్ళెంలో తెచ్చింది. ఆయన తినలేడు. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను.

"నా మాదిరే ఉండాదా?" అన్నాడు.

కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది. బాగుందంటే ఇద్దరికీ హాయి. నేను నములుతూనే ఉన్నాను. ఆయన కళ్ళు నా దవడ మీదే ఉన్నాయి.

"రెండోసారికి నూనె సరిగ్గా కాగలేదు భాయ్" అన్నాను.

కోడలు తల దించుకుంది. భాయ్ దిండు సర్దించుకుని లేచి కూర్చున్నాడు. మాట మాటకూ ఊపిరి ఆడక ఆగుతూ, నూనె పైన పొగ ఎట్లా కదలాలో, బుట్టలోని ముక్క ఎంత చల్లారాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి, "మనిషిని పండుకోనీకపోతివి గదన్నా" అంది నాతో.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఆయన ఇంకొన్నాళ్ళు నెమ్మదిగా బతికేవాడేమో. ఉత్తినే బాగుందనేవాణ్ణయితే ఆయన నన్నెందుకు అడిగినట్టు? రోజుకు ఒక రకంగా అనిపిస్తుంది.

నేను లేచి వస్తుంటే ఆయన చూడనే లేదు. "బేటీ, ఇట్ల కాదు, ఇట్ల" అంటూ, మంచం మీద కూర్చుని, ఎముకలు తేలిన కుడిచేతితో ఉత్తగాలిలో గరిటె తిప్పుతున్నాడు. కోడలు దగ్గరికి వచ్చి, తన చెయ్యి కూడా పైకెత్తి, ఆ చేతి వెంట తిప్పుతోంది.